క్లచ్ లేని బండి

మా నాయినకు ఎడమకాలు మోకాలి దగ్గర వంగేది కాదు. పడుచుతనంలో భివండీకి పోయి పవర్‌లూమ్‌ల మీద పనిచేస్తున్నప్పుడు నూలు చుట్టిన బీము జారి ఆ కాలి మీద పడిందట. అంతకుముందు సిద్దిపేటలో మగ్గం గుంటలో కూర్చుని, రెండు కాళ్లతో కట్టెలు తొక్కుతూ చీరలు నేసిన మనిషి. కాలు పోయాక మగ్గమూ పోయింది, భివండీ పనీ పోయింది. తిరిగి వచ్చి బట్టల దుకాణం పెట్టుకున్నాడు. కాలిని ఈడుస్తూ నడిచేవాడు తప్ప కర్ర పట్టుకునేవాడు కాదు. ఎవరైనా చెయ్యి అందిస్తే కోపం ముక్కు మీదికి వచ్చేది. ఆ కోపమంతా నాకే వచ్చిందని నన్ను కన్న అవ్వ ఇప్పటికీ దెప్పుతుంది.

భివండీ నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క కారే. అక్కడ ఎవరో సేటు గోదాములో దుమ్ము కొట్టుకుపోతున్న విదేశీ బండి. ఎనిమిది సిలిండర్ల ఇంజను, మంచమంత బానెట్, రెండే తలుపులు. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా సోఫాలాగా ఒకటే. స్టీరింగ్ మన బండ్లకు ఉన్నట్టే కుడివైపు. కానీ దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. ఎక్సలేటరు తొక్కేదీ కుడికాలే, బ్రేకు తొక్కేదీ కుడికాలే. ఎడమకాలికి పనే లేదు. ఆ గేర్లు చెడిపోతే బాగుచేసేవాడు దొరకడని ఎవరూ దాన్ని ముట్టుకోలేదట. నలుగురూ ఏది చూసి వద్దన్నారో అదే చూసి నాయిన తుక్కు ధరకు కొన్నాడు.

“ఆ బండిల కూసుంటే నాకు రెండు కాళ్లున్నట్టే బిడ్డా” అని ఒకసారి నాతో అన్నాడు. అలాంటి మాట రెండోసారి అనే మనిషి కాదు.

నాకు బండి నేర్పింది కూడా ఆయనే, దాని మీదే. నేర్చుకునే రోజుల్లో అలవాటు లేక నా రెండు కాళ్లూ పెడళ్ల మీదికి పోయేవి. బ్రేకు ఒక కాలితో, ఎక్సలేటరు ఒక కాలితో తొక్కితే బండి ఎగిరెగిరి పడేది. నాయిన నా ఎడమ మోకాలి మీద చిన్నగా తట్టేవాడు. “గీ కాలును పండుకొమ్మను” అనేవాడు. అది నిద్రపోవడం నేర్చుకుంది. తర్వాత నేను కొనుక్కున్న స్కూటీకి కూడా క్లచ్ లేదు కాబట్టి దాన్ని లేపాల్సిన అవసరమే రాలేదు.

దసరా నాడు బండ్లకు పూజ చేయడం మా దగ్గర ఇంటింటి ముచ్చటే. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. బండి ముందుకు కదిలి వాటిని తొక్కాలి. మధ్యలో ఆగకూడదు, వెనక్కి రాకూడదు. మా బండికి ఆ భయమే లేదు. స్టీరింగ్ పక్కనున్న మీటను కిందికి దించి బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, ఎక్సలేటరు ముట్టకుండానే మెల్లగా ముందుకు జరిగేది. గేర్లు వాటంతట అవే మారే బండ్ల స్వభావమే అంత. ఆ సంగతి అవ్వకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. “మల్లన్నే నడిపిస్తుండు” అని కొమురవెల్లి గుడి దిక్కు తిరిగి దండం పెట్టేది. ఆ పూటే కొమురవెల్లికి పోయి దర్శనం చేసుకుని రావడం మా ఆనవాయితీ. నిమ్మకాయలు తొక్కిన బండి ఏడాదంతా మనిషిని క్షేమంగా ఇల్లు చేరుస్తుందని అవ్వ నమ్మకం. నాకు దేవుడి మీద ఆమెకున్నంత గురి లేదు. అయినా ఆ కాయలు చిట్లిన చప్పుడు వినకపోతే పండుగ అయినట్టు ఉండేది కాదు.

ఒక దసరాకు దర్శనం చేసుకుని తిరిగి వస్తున్నాం. కొమురవెల్లి కమాను దాటి పెద్ద రోడ్డెక్కగానే ఇంజను అరిచింది గానీ బండి కదల్లేదు. ఎంత తొక్కినా అరుపే. కింద నుంచి మాడిన నూనె వాసన వచ్చింది. ఆఖరికి ఒక ట్రాక్టరు ఆయన దయతలచి మోకు కట్టాడు. వెనకాల రావడానికి ఆటో పిలిచి, దిగు నాయినా అన్నాను. “స్టీరింగ్ ఎవరో ఒకలు పట్టుకోవాలె గద” అని ఆయన దిగలేదు. ఆ మాట నిజమే, నేను పట్టుకోవచ్చు. కానీ ఆయన ముఖం చూసి అడగలేదు. సిద్దిపేట దాకా ట్రాక్టరు వెనకాల, చచ్చిన ఇంజనుతో, నిటారుగా కూర్చుని వచ్చాడు.

మా బండిని మొదటి నుంచీ చూసిన మెకానిక్కు ఒకడే. ఊళ్లో అందరికీ ఉస్తాదే, నాయినకు పాత దోస్తు. గేర్‌బాక్స్ విప్పి, హైదరాబాదులో తెలిసిన వాళ్లందరినీ అడిగి, చివరికి మమ్మల్ని షెడ్డుకు పిలిచాడు.

“లోపటంత కాలిపోయిందన్నా. గిది బాగుచేసుడు నాకు రాదు, ఇంకెవలికీ రాదు. సామాను దొర్కది. ఒక్కటే తొవ్వ. దీన్ని తీసేసి క్లచ్ గేర్‌బాక్స్ పెడ్త. బండి మళ్ల పరుగువెడ్తది.”

అన్నాక గానీ తాను ఎవరితో ఏం అన్నాడో ఆయనకు తట్టలేదు. చేతిలోని గుడ్డతో అప్పటికే తుడిచిన పానాను మళ్లీ తుడవసాగాడు.

“మంచిది ఉస్తాద్. బండిని ఇంటికి పంపియ్యి” అన్నాడు నాయిన.

ఇంటి పక్క రేకుల కింద పెట్టి టార్పాలిన్ కప్పాం. నాయిన దుకాణానికి ఆటోలో పోయి వచ్చేవాడు. మాటలు తగ్గాయి. బేరానికి వచ్చిన వాళ్లతో నవ్వులాడే మనిషి, అడిగిన చీర తీసి ముందు పడేసి ఊరుకునేవాడు. మరుసటి దసరాకు నా స్కూటీకి నిమ్మకాయలు పెట్టారు. ఆయన గడప దాటి బయటికి రాలేదు.

తర్వాత జాతర రోజుల్లో అవ్వ పోరు పడలేక ఒక కారు కిరాయికి మాట్లాడి కొమురవెల్లికి పోయాం. అది ఎత్తు బండి. నాయిన ఎక్కలేక తడబడుతుంటే, ఆ డ్రైవరు అడగకుండానే చంకల కింద చేతులు పెట్టి ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు. పాపం, మంచి కోసమే చేశాడు. నాయిన తిడతాడని నేను బిగుసుకుని చూస్తున్నాను. తిట్టలేదు. కళ్లు దించుకుని సర్దుకున్నాడు. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది. నాయినకు కోపం రాకపోవడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు.

ఇంటికి రాగానే అన్నాడు, “ఉస్తాద్‌కు ఫోన్ చెయ్యి. క్లచ్ పెట్టుమను.”

“పెడితే ఎవలు నడుపుతరు?”

“నువ్వు.”

“నువ్వు నడుపలేని బండి నాకెందుకు?”

“నేను పక్కన కూసుంట. నా బండిల నేను కూసుంట. మంది బండిల మూటలెక్క పోను.”

నాకు ఒళ్లు మండింది. ఆ బండికి క్లచ్ పెట్టడమంటే, నాయిన ఇక జన్మలో దాన్ని నడపడని మా చేతులతో మేమే తేల్చేయడం. బీము ఒక కాలు తీసింది, రెండో కాలు మనం తీయాలా అని అవ్వతో అన్నాను. “ఆయననే అడుగుతుండు గద, నీకేంది” అన్నది అవ్వ. కొన్నాళ్లు నేను ఫోన్ చేయలేదు. చివరికి ఆయనే చేసుకున్నాడు.

ఉస్తాద్ తుక్కుకు పోతున్న ఒక జీపు గేర్‌బాక్స్ సంపాదించాడు. ఇంజనుకూ దానికీ పొత్తు కుదరక మధ్యలో ఒక మందపాటి ఇనుప పలక కోయించి, బెజ్జాలు వేయించి కలిపాడు. సీటు ముందు నేల మధ్యలో ఉండే దిబ్బ కోసి, గేరు రాడ్డు పైకి తీశాడు. నాయిన రోజూ పోయి స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ఒక రోజు నేనూ ఉన్నాను. అలాంటి బండికి బ్రేకు పెడల్ జానెడు వెడల్పు ఉంటుంది. పక్కన క్లచ్ పెడల్‌కు చోటు కావాలంటే దాన్ని సగం కోయాలి. ఉస్తాద్ కోత మిషను చేతిలోకి తీసుకోగానే, చాయ్ తాగి వస్తానని నాయిన లేచి బయటికి పోయాడు. ఆయన చాయ్ అక్కడే, స్టూలు పక్కన, పొగలు కక్కుతూ ఉంది.

దసరా వచ్చింది. బండి ఇంటి ముందు నిలబడింది. ముందు రోజు ఉస్తాద్ గ్రౌండులో నాకు క్లచ్ చూపించాడు. నా ఎడమకాలికి అదేమిటో అర్థమే కాలేదు. ఒక్కసారిగా వదిలేస్తుంది, బండి గిట్టలు ఎత్తి ఆగిపోతుంది. పూజకు నువ్వే కదిలించు అని ఉస్తాద్‌ను బతిమాలుకున్నాను. నాయిన ఒప్పుకోలేదు. “నా బిడ్డనే తోలుతది” అన్నాడు.

నాయిన ఎడమ తలుపు తీసుకుని పక్కన కూర్చున్నాడు. అవ్వ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి హారతి ఇచ్చింది. నేను స్టార్ట్ చేసి క్లచ్ వదిలాను. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. నిమ్మకాయలు నలిగీ నలగకుండా టైర్ల ముందు ఇరుక్కున్నాయి. మళ్లీ స్టార్ట్ చేశాను. ఈసారి కాస్త వెనక్కి దొర్లి ఆగింది. చూడటానికి వచ్చిన ఇరుగుపొరుగు టైర్ల కిందికి తొంగి చూశారు. అవ్వ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది, ఆమె పెదవులు మల్లన్నను తలుస్తున్నాయి. నాకు ఏడుపొచ్చింది. నిమ్మకాయల కోసం కాదు. పక్కనున్న మనిషి కోసం.

“కాలు తియ్యి” అన్నాడు నాయిన.

“ఏ కాలు?”

“ఎడమది. పండుకొమ్మను దాన్ని.”

సీటు మీద నా వైపు జరిగాడు. వంగని కాలు ఎడమవైపే ముందుకు చాపి ఉంచి, కుడికాలిని మధ్యలోని దిబ్బ దాటించి, పాదం క్లచ్ పెడల్ మీద పెట్టాడు. అప్పటిదాకా నాకు తట్టలేదు, ఉస్తాద్‌కూ తట్టలేదు. స్టీరింగ్ ముందు కూర్చుంటే క్లచ్ ఆయన చచ్చు కాలి వంతు. పక్కన కూర్చుంటే అది ఆయన మంచి కాలి పక్కనే ఉంది. షెడ్డులో రోజూ స్టూలు మీద కూర్చుని చూసింది ఇదేనా అని తర్వాత అడిగితే, నవ్వాడు.

“మగ్గం మీద ఒక కట్టె ఇడుస్తుంటే ఇంకోటి తొక్కుతం. రెండు ఒక్కసారి ఇడువద్దు. నేను ఇడుస్తుంట, నువ్వు తొక్కుతుండు. మెల్లగ.”

కుడిచేత్తో గేరు వేశాడు. ఆయన పాదం లేస్తుంటే నా పాదం దిగింది. ఇంజను గొంతు బరువెక్కి, బండి కదిలింది. కింద నిమ్మకాయలు ఒకదాని తర్వాత ఒకటి చిట్లాయి. అవ్వ ఈసారి కొమురవెల్లి దిక్కు తిరగలేదు. “పిల్ల నాయిననే నడిపిండు” అని పక్కింటి ఆమెతో అన్నది. నేను రోడ్డు కనబడక కళ్లు తుడుచుకున్నాను, నాయిన మాత్రం ముందుకే చూస్తూ రెండో గేరుకు సిద్ధమయ్యాడు.

ఆ తర్వాత బండిని అట్లాగే నడిపాం. ఇది ఎవరూ చేయకూడని పని అని నాకు తెలుసు. అందుకే రద్దీ లేని వేళ, మద్దూరు వైపు చేల మధ్య రోడ్లలో, మెల్లగా పోయేవాళ్లం. మొదట్లో ఎక్సలేటరు “ఇడువు”, “ఇయ్యి” అని చెప్పేవాడు. కొన్నాళ్లకు మాటలు అవసరం లేకపోయింది. ఆయన మోకాలు కదలడం చూసి నేను ఎక్సలేటరు వదిలేదాన్ని. “ఇద్దరు కలిసి ఒక్క బండి నడుపుడేంది, కాడెడ్ల లెక్క” అని అవ్వ దెప్పేది. ఉస్తాద్ చూసి నెత్తి కొట్టుకునేవాడు, ఆ వెంటనే తల తిప్పుకుని నవ్వేవాడు. దుకాణంలో నాయిన మళ్లీ బేరాలాడాడు. గిరాకీలతో గొడవ కూడా పెట్టుకున్నాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

పోయిన ఎండాకాలం, పొద్దున చాయ్ తాగి, అలసటగా ఉందని పడుకుని, నాయిన మళ్లీ లేవలేదు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు.

బండి మళ్లీ రేకుల కిందికి పోయింది. నేను టార్పాలిన్ ఎత్తలేదు. ఈ దసరాకు అవ్వే ఎత్తింది. ఏటిసూతకం తీరలేదు, పండుగ లేదు, పూజ లేదు. ఊరికే కడిగి పెట్టింది. ఇంజనుకు తుప్పు పడుతుంది, ఒక్కసారైనా తిప్పి తీసుకురమ్మన్నది. నేను స్టీరింగ్ ముందు కూర్చుని స్టార్ట్ చేశాను. ఎగిరి ఆగింది. మళ్లీ చేశాను, మళ్లీ ఆగింది. అవ్వను పలకరించడానికి వచ్చిన ఉస్తాద్ కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

“గిన్ని దినాలు నడిపినవు గద బిడ్డా. ఇంకా క్లచ్ రాదా?”

“రాదు ఉస్తాద్” అన్నాను. “నా కాలును నాయిన పండుకొమ్మన్నడు.”

ఆయన అటువైపు తిరిగి వచ్చి, తలుపు తీసి, ముందు సీట్లో కూర్చున్నాడు. నా పక్కన నాయిన కూర్చునే చోటు వదిలేసి, తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. నేను కిందికి చూశాను. క్లచ్ పెడల్ రబ్బరు ఎడమ అంచున మాత్రమే అరిగి ఉంది. నాయిన పాదం అటు నుంచే వచ్చేది. ఎడమకాలు లేపి, దాని మీద పెట్టాను.