ఏడు చిన్న చేపలు

నిన్న కంచరపాలెం బజారులో ఎండుచేపల వాసన తగలగానే మా అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఆమె రేవు దగ్గర ఒక వ్యాపారికి ఎండుచేపలు లెక్కపెట్టి గంపలకెత్తేది. చదువు రాదు కాబట్టి, పది చేపలు గంపలో పడగానే గుర్తుగా ఒక చిన్న చేపను పక్కన పెట్టుకునేది. ఒకరోజు ఆమె మంచినీళ్లకు వెళ్లినప్పుడు, పక్కనున్న ఏడు చిన్న చేపలు జారిపడ్డాయనుకుని నేను గంపలో వేసేశాను.

"ఏటి సేసినావే! అవి ఏడు కాదే, డెబ్బై!" అంది అమ్మ వచ్చి.

అంతలో పని చూసే వ్యాపారి మేస్త్రీ వచ్చి లెక్క అడిగాడు. లెక్క తేలకపోతే మర్నాడు పని ఉండదు.

"నానే మర్సిపోనాను బాబూ, మళ్లీ లెక్కెడతాను."

"ముప్పయ్యేళ్లకే మతిమరుపేటే నీకు!" అని నవ్వాడతను.

అమ్మ ఎండలో గంప బోర్లించింది. ఈసారి పదేసి చేపలకు ఒక చిన్న చేపను నా చేతిలో పెట్టింది. ఏడోది పెట్టి "ఎన్నే?" అంది.

"డెబ్బై."

నాకు యాభై ఏళ్లు దాటాక వయోజనుల బడిలో కూర్చుని, ఏడు పక్కన సున్నా చుట్టడం నేర్చుకున్నాను. దాని విలువ నాకు ముందే తెలుసు.

మేస్త్రీ చాలాకాలం అమ్మను "మతిమరుపమ్మా" అనే పిలిచాడు. ఆమె పలికేది. తప్పు తనది కాదు, నాదని ఒక్కసారి కూడా చెప్పలేదు.