కుడి పక్క

కొందరు గుండెల మీద రాయి మోస్తారు. నేను గుర్రాన్ని మోస్తున్నాను. మనిషి గుర్రాన్ని మోయడమేమిటని మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. నేనూ ఇన్నేళ్ళూ నవ్వుతూనే దాచుకొచ్చాను.

మా తాత చింతామణిలో జట్కా తోలేవాడు. ఆ ఒక్క కారణానికి మా చుట్టాల్లో గుర్రాల మీద పెత్తనం నాకు దఖలు పడింది. నిజానికి నాది బోరు మోటార్ల అంగడి. నాకు తెలిసిన హార్స్‌పవరంతా అందులోదే. తాత దగ్గర నేర్చుకున్నది ఒక్కటి, సుళ్ళు చూడడం. మా వైపు గుర్రం కొనేవాళ్ళు పళ్ళకన్నా కాళ్ళకన్నా ముందు, దాని ఒంటిమీద వెంట్రుకలు ఎక్కడ సుడి తిరిగాయో చూస్తారు. గొంతు మీద దేవమణి సుడి ఉంటే ఇంటికి మేలని నమ్మకం. అది ఉందని తేలాక మిగతావి ఎవరూ పెద్దగా అడగరు.

బాగేపల్లిలో మా అక్క కూతురు, పేరు రాయను, పాప అంటాను, చిక్కబళ్ళాపురం దగ్గర ఒక తోటలో స్వారీ నేర్చుకుంది. తనకంటూ ఒక గుర్రం కావాలంది. బావ నన్ను పిలిచాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని బాడుగకిచ్చే ఒకాయన ఉంటే మంచేనహళ్ళికి వెళ్ళాం. తెల్ల గుర్రం. బ్యాండు మోతకే బెదరనిది పిల్లనేం చేస్తుందని బావ మురిసిపోయాడు. నేను దాని గొంతు కింద తడిమాను. వేళ్ళకు సుడి తగిలింది. ‘దేవమణి!’ అన్నాను, జట్కావాడి వారసుడి గొంతుతో. సుడి అంటే సుడిగుండం కూడా కదా, నాకు అదే మిగిలింది.

అప్పుడడిగింది పాప.

“మామా, ఆయప్ప యాల దానికి కుడి పక్కనే నిలబడుకోనుండాడు? వచ్చినప్పట్నుంచీ ఆ పక్క మనకు చూపించనే లేదు.”

“నువ్వు గుర్రాన్ని చూడమ్మా, ఆయప్పను యాల చూస్తావు? పెండ్లి గుర్రం కదా, పెండ్లికూతురు మాదిరి అంటుకోనుండాడు.”

అందరూ నవ్వారు. పాప నవ్వలేదు.

మాట ఖాయం చేసుకోవడానికి వాళ్ళంతా లోపలికెళ్ళారు. నేను ఒక్కణ్ణే కుడి పక్కకు వెళ్ళాను. ఆ కంట్లో మీగడలాంటి పొర. చెయ్యి ఊపాను. రెప్ప పడలేదు. ఇంకా దగ్గరగా ఊపాను. పడలేదు. ఆ వైపు రేకుల షెడ్డు మీద ఏదో టపటపలాడితే మాత్రం దాని ఒళ్ళంతా జలదరించింది.

బావా, వద్దు. ఈ రెండు మాటలు చాలు. ఎందుకు అనలేదు? కన్ను చూడకుండానే దేవమణి అని అరిచేశానని ఒప్పుకోవాల్సి వస్తుందనా, మా తాత పేరు పోతుందనా, లేక తాత పేరు అడ్డం పెట్టుకొని నిలబెట్టుకున్న నా చిన్న గొప్ప పోతుందనా? మూడోదే. ఎన్నిసార్లు అడుక్కున్నా మూడోదే.

కొన్నాళ్ళకే, మిట్టేమరి దారిలో. పాప గుర్రం మీద, నేను వెనకాల స్కూటరు మీద ఉన్నాను. కుడి పక్క చేలోంచి ట్రాక్టరు వచ్చింది. గుర్రం దాన్ని చూడలేదు, విన్నది మాత్రమే. ఎగిరి పక్కకు దూకింది. పాప తుంటి ఎముక విరిగింది.

ఏమైందని ఆసుపత్రిలో బావ అడిగాడు. పాప కళ్ళెం గట్టిగా లాగేసిందన్నాను. నోరు జారలేదు. ఆలోచించుకొనే అన్నాను. మంచం మీంచి పాప వింది. నమ్మింది. ఇప్పటికీ కొంచెం కుంటుతుంది. మళ్ళీ గుర్రం ఎక్కలేదు. ఆ గుర్రాన్ని బావ ఎవరికో అమ్మేశాడు. తర్వాత ఏ పిల్ల ఎక్కిందో నేను అడగలేదు.

ఇప్పుడు పాప చెల్లెలికి ఆ వయసొచ్చింది. దానికీ గుర్రం కావాలట. మొన్న వెళ్తే పాప కుర్చీకి తాడు కట్టి చెల్లెలికి నేర్పుతోంది. కళ్ళెం లాగొద్దు, నా మాదిరి చేస్తే పడతావు అని. నేను కాఫీ తాగి వచ్చేశాను.

నిన్న బావ నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. సుళ్ళు నువ్వే చూడాలన్నాడు. గోధుమ రంగు గుర్రం. మళ్ళీ మళ్ళీ చూశాను. మొదట్నుంచి చివరిదాకా ఎడమ పక్కే కనిపిస్తుంది. తాడు పట్టుకున్నవాడు కుడి పక్క నిలబడి ఉన్నాడు.

ఇంకా జవాబివ్వలేదు. ముందు మీకు రాస్తున్నాను. పాప కళ్ళెం లాగలేదు. కన్ను గుడ్డిదని నాకు తెలుసు. రాసి చూసుకుంటే ఇంతే ఉంది. ఇవే మాటలు వాళ్ళకూ పంపుతున్నాను. చదివాక ఆ ఇంటి గుమ్మం నాకు మిగులుతుందో లేదో తెలియదు. గుర్రం నా మీంచి దిగలేదు. దాని కుడి పక్కన అడ్డంగా నిలబడడం మాత్రం ఇవాళ మానేశాను.