నీలి టోపీలోళ్లల్ల కలిసిన రోజు

నేను చదివింది ఐదో తరగతి దాంక. ఇంత పెద్దగ రాసుడు ఇదే మొదలు, అందుకే భయమైతున్నది. అయినా నాకు వెల్డింగ్ నేర్పిన మా ఉస్తాద్ గురించి చెప్పకపోతే మనసు ఊకుంటలేదు.

దుబాయ్ దిక్కు వచ్చిన కొత్తల అబుదాబి పక్కన ముసఫ్ఫాల ఒక కంపెనీల హెల్పర్‌గ చేసిన. ఎండల పైపులు మోసుడే పని. తర్వాత కంపెనోళ్లు వర్క్‌షాప్ ఎనుక రెండు రూములల్ల వెల్డింగ్ నేర్పే బడి పెట్టిన్రు. క్యాంపుల అందరు దాన్ని కాలేజీ అనేటోళ్లు. ముదీర్, అంటె మా మేనేజరు, అండ్ల నా పేరు గుడ ఎక్కిచ్చిండు. పొద్దుగాల బస్సు ఎక్కుతుంటె మా రూమాయన, మా పక్క ఊరోడే, "కాలేజీ దొర వస్తుండు, సీటు ఇడువుండ్రి" అని అందర్ని నవ్విచ్చేటోడు. నాకు సిగ్గయ్యేది. లోపల మాత్రం సంబురమే.

ఆ కాలేజీల నీలి టోపీలోళ్లని ఒక జట్టుండె. బాగ నేర్చుకొని, నేర్చింది దాసుకోకుంట పక్కోనికి చెప్పేటోళ్లనే అండ్ల కలుపుకునేది. మిగతా అందరికి పసుపు టోపీలు. క్లాసయినంక సాయంత్రం మిషిన్ ముట్టనిచ్చేది నీలి టోపీలోళ్లనే. మాకు పగటిపూట మిషిన్ దొరుకుడే కష్టం. చెయ్యి తిరగకపోతే పరీక్షల ఫెయిలు. ఫెయిలైతే ఖలాస్, మల్ల పైపులు మోసుడే. అందుకే ఎట్లన్న చేసి ఆ జట్టుల కలువాలని నాకు మస్తుండె.

ఒక బేస్తారం నాడు ఉస్తాద్ నేను పెట్టిన అతుకును సుత్తెతోని కొట్టి చూసిండు. అది ఇరగలే. రేపు జుమ్మా నమాజయినంక చాయ్ పెట్టు అన్నడు.

చాయ్ అంటె ఉత్త చాయ్ కాదు. జట్టుల కలిసే కొత్తోడు అందరికి చాయ్ పొయ్యాలె. తాగితే ఒప్పుకున్నట్టు. ఒక్కలు తాగకుంట గ్లాసు కింద పెట్టినా ఒప్పుకోనట్టే. నాకంటె ముందు ఒకాయనకు గట్లనే అయింది, పక్కోన్ని మిషిన్ ముట్టనియ్యడని.

తెల్లారి వర్క్‌షాప్ నీడకు చాపలేసి కూసున్నరు. మలయాళీలున్నరు, పఠాన్లున్నరు, నెల్లూరోళ్లున్నరు. ఒక్కొక్కలకు చాయ్ పోసిన. అందరు తాగిన్రు. ఆఖరికి ఉస్తాద్‌కు ఇచ్చిన. ఆయన కడప దిక్కు సాయిబు. ఒక చేతిల గ్లాసు పట్టుకొని, ఇంకో చేతితోని నా నెత్తిన నీలి టోపీ పెట్టిండు. మా ఇండ్లల్ల పెద్దోళ్లు నెత్తి మీద చెయ్యి పెడితే ఏం చేస్తం, కాళ్లు మొక్కుతం. నేను ఏం ఆలోచన చెయ్యలే. వంగి రెండు కాళ్లు పట్టుకున్న.

ఉస్తాద్ ఉలిక్కిపడి ఎనుకకు జరిగిండు. తాగకుంటనే గ్లాసు కింద పెట్టిండు.

ఒక పఠాన్ మెల్లగ తౌబా తౌబా అన్నడు. నేను ఆ గ్లాసునే చూసుకుంట ఉన్న. అయిపోయింది అనుకొని టోపీ తీసి చేతిల పట్టుకున్న.

"లేయ్ అప్పా," అన్నడు ఉస్తాద్. "మొక్కేది పైవానికి, మనిషికి కాదు. మాలో అది పెద్ద తప్పు."

"నాకు తెల్వదు ఉస్తాద్. మా దిక్కు గురువుకు గట్లనే మొక్కుతం."

"అట్లనా. అయితే నీ మర్యాద నాకు ముట్టింది. ఇప్పుడు మా మర్యాద చూడు."

నన్ను దగ్గరికి గుంజి, ఈ భుజానికి ఒకసారి, ఆ భుజానికి ఒకసారి హత్తుకున్నడు. నా అంగీ అంత చెమట. ఆయన ఏమనుకోలే. వంగి గ్లాసు తీసుకొని నిలబడే తాగిండు.

"చక్కెర తక్కువేసినావు పో" అన్నడు.

అందరు నవ్విన్రు. తౌబా అన్న పఠానే నా చేతిలకెల్లి టోపీ గుంజుకొని నా నెత్తిన వంకర పెట్టిండు.

శనివారం సాయంత్రం నాకు మిషిన్ ఇచ్చిన్రు. ఉస్తాద్ నా ఎనుక నిలబడి మణికట్టు పట్టి, ఉరుకకు, మెల్లగ పోనియ్యి అని నడిపిచ్చిండు. అట్ల రోజు సాయంత్రం నడిపిచ్చిండు. పరీక్ష పాసైన, పైపుల మోత తప్పింది. నా తర్వాత వచ్చిన కొత్తోళ్లకు నేను గుడ అట్లనే మణికట్టు పట్టి చెప్పిన. అండ్ల ఒకడు మిషిన్ చూస్తెనే దూరం ఉరికేటోడు, ఇప్పుడు వాడే నాకంటె మంచిగ అతుకుతడు. ఆ సంగతి ఉస్తాద్‌కు చెప్పాలనుంటది, గని ఆయన పని ఇడిసి ఇంటికి పోయినంక జాడ తెల్వలే. ఆయన ఏ ఊళ్లె ఉన్నా చల్లగుండాలె.