కదిలిన మచ్చ

కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక ఇవాళ మళ్ళీ బండలు పేలుస్తున్నారు. కిటికీ అద్దాలు సన్నగా వణికినప్పుడల్లా నాకు సరళ మేడమ్ గుర్తొస్తారు. తొంభైల చివర్లో, మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో, అక్కడికి దగ్గర్లోని ప్రయోగశాలలో నేను ఆవిడ దగ్గర పరిశోధన చేశాను.

అణువులు కదులుతుండగా చూడాలన్నది ఆవిడ కోరిక. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సేపే వెలిగే ఎక్స్‌రే కావాలి దానికి. లేజర్ కాంతిని రెండుగా చీల్చేవాళ్ళం. ఒక కిరణం స్ఫటికాన్ని తాకి అందులోని అణువులను కుదిపేది. రెండోది రాగి రేకును తాకి ఎక్స్‌రేను పుట్టించేది. ఆ ఎక్స్‌రే స్ఫటికం మీద పడి, కెమెరా తెర మీద మచ్చగా కనిపించేది. అణువులు జరిగితే మచ్చా జరగాలి.

ఒక మధ్యాహ్నం మచ్చ జరిగింది. తోటివాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరిపోతున్న ఆ రోజుల్లో, ఇంట్లో చెప్పుకోవడానికి నాకూ ఒకటి దొరికిందని పొంగిపోయాను. మేడమ్ చాలాసేపు తెరవైపు చూసి, "కుదిపే కిరణాన్ని ఆపి మళ్ళీ తీయమ్మా" అన్నారు. తీశాను. మచ్చ అప్పుడూ జరిగింది. కదిలినవి అణువులు కావు, బయట కొత్త భవనాల కోసం బండలు పేలుస్తుంటే ఆ అదురుకు మా పరికరాల అద్దాలు కదిలాయి. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు. చెప్పులు వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, ఎండలో బండల దగ్గరికి నడిచారు.

అక్కడి మేస్త్రీ మల్లయ్యది మహబూబ్‌నగర్ వైపు. మాకు క్లాసులో చెప్పినంత ఓపికగా మేడమ్ ఆయనకు మా ఇబ్బంది వివరించారు. ఆయన అంతా విని, "మీ పనేందో నాకు సమజ్ కాలే గని, ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్. పేల్చే ముందు మనిషిని పంపుత" అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. మనిషి రాగానే లేజర్ ఆపేసి టీ తాగేవాళ్ళం.

అయినా అసలు కదలిక మాకు చిక్కలేదు. మా లేజర్‌కు అంత సత్తువ లేదు. కొన్నాళ్ళకు విదేశంలో ఎవరో దాన్ని పట్టుకున్నారు. ఆ ఫలితం అచ్చయిన పరిశోధన పత్రిక వచ్చిన రోజు నేను మేడమ్ గదికి వెళ్ళలేదు. ఆవిడే మిఠాయి పొట్లంతో నా బల్ల దగ్గరికి వచ్చారు. గ్రాఫు మీద వేలు పెట్టి, "చూడమ్మా, కదిలాయి. నిజంగానే కదిలాయి" అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చూసింది మనం కాదు కదా అని నేను గొణిగితే, కదిలినవి మాత్రం మనం అనుకున్నవే కదా అని నా చేతిలో లడ్డూ పెట్టారు.

ఇప్పుడు మాదాపూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ బృందాన్ని నడుపుతున్నాను. మేము ఏడాదిగా తంటాలు పడుతున్న చిక్కును పోయిన వారం పై అంతస్తు బృందం విప్పింది. మా బృందంలోని పిల్లలు మొహాలు వేలాడేశారు. వాళ్ళను తీసుకుని మెట్లెక్కి వెళ్ళి, ఎలా చేశారో చూపించమని అడిగాను. పై అంతస్తువాళ్ళు చూపిస్తుంటే నాకు నిజంగానే సంతోషం వేసింది. ఆ సంతోషం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మేడమ్ ఇచ్చారు.