బావ జీపుకు రెండు దీపాలు

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని మా బంధువుల్లో ఒక కట్టుబాటు ఉంది. మిగిలిన సగంలోనూ ఇంకో సగం తీసేస్తే మంచిదని మా అక్క అభిప్రాయం. డోన్ బస్టాండు దగ్గర లారీలకు, జీపులకు బల్బులు, వైర్లు, హారన్లు అమ్మి బిగించే దుకాణం నాది. పొద్దస్తమానం డ్రైవర్ల మధ్య కూర్చునేవాడికి కథలు రాకపోతేనే వింత. నల్లమలలో ఒక చిరుతపులి నా హారన్ విని పక్కకు తప్పుకోవడమే కాకుండా, ముందుకు పొమ్మని తోకతో సైగ చేసిందని ఒకసారి చెప్పాను. ఆ మాట ఇప్పటికీ డోన్‌లో తిరుగుతోంది. తోకతో కాదు, ముందరి కాలితో చేసిందని ఈమధ్య ఎవరో నాకే దిద్ది చెప్పారు. నేను నమ్మేశాను.

ఇలాంటివాడికి ఒక నిజం చెప్పాల్సిన అవసరం పడితే ఎంత అవస్థో మా బావ జీపు దగ్గర తెలిసింది.

అక్కను బేతంచెర్లలో ఇచ్చారు. బావకు అక్కడ బండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఆ బండలు కడప దుకాణాలకు పోతాయి. ఆర్డర్ల కోసం ఆయన తన పాత జీపులో కడపకు వెళ్లి, పొద్దుగూకేసరికి తిరిగి వస్తుంటాడు. పెళ్లయ్యాక ఇంటికి తెచ్చుకున్న మొదటి వస్తువు ఆ జీపేనని మురిసిపోతాడు. మరి అక్క సంగతేమిటని అడిగితే, ఆమె వస్తువు కాదు, అధికారి అంటాడు.

జీపు ఇంజనుకు ఏ లోటూ లేదు. హెడ్‌లైట్ల విషయానికొస్తే, అవి వెలుగుతున్నాయో లేదో చూడడానికి టార్చిలైటు పట్టుకుని ముందుకు వెళ్లాలి. ఒక సాయంత్రం అక్క పక్కన కూర్చుని ఉండగా, మసక వెలుతురులో, పాలిష్ ఫ్యాక్టరీల తెల్లదుమ్ములో, బండల లోడుతో ఆగిపోయిన ట్రాక్టరు ట్రాలీ ఒకటి ఎదురైంది. దానికి వెనక దీపం లేదు. బావ బ్రేకు తొక్కాడు. ట్రాలీకి మూరెడు దూరంలో జీపు నిలిచింది. నేను చెప్పేటప్పుడు మాత్రం ఆ సందులో బియ్యపుగింజ కూడా పట్టదని చెబుతాను.

మరునాడు పొద్దున్నే అక్క తీర్పు చెప్పింది.

"డాక్టరు సూసి నీ కండ్లు బాగుండాయన్యాడు. కండ్లు లేంది జీపుకు. అమ్మేయ్. నంద్యాలలో ఉండే ఆయప్ప కొంటానని ఎప్పట్నుంచో అడుగుతాండాడు."

బావ నేరుగా నా దుకాణానికి వచ్చాడు. వచ్చినవాడు కుర్చీలో కూర్చోకుండా బ్యాటరీ పెట్టె మీద కూర్చున్నాడంటే విషయం పెద్దదేనని అర్థమైంది.

"ఏమప్పా, మీ అక్క జీపు అమ్మమంటాంది. ఏదో ఒకటి చెయ్యప్పా."

"అక్కతో నేను మాట్లాడాల్నా బావా?"

"వద్దు వద్దు! నువ్వు మాట్లాడితే, జీపుండాదన్నా నమ్మదు. దీపాలు బిగించు, అంతే."

అక్క కూడా ఫోనులో తన షరతు చెప్పింది. "మహానందికి పోదాం. తిరిగొచ్చేటప్పటికి మునిమాపైతాది. పాణ్యం దాటినాక ఇంటిదాకా దారి నాకు తెల్లగా కనపడాల. కనపడితే జీపుంటాది. లేకుంటే ఆయప్పకు ఇచ్చేదే."

నేను సామాన్లు తీసుకుని బేతంచెర్ల చేరేసరికి బావ ఆగలేక తనే రెండు కొత్త దీపాలు తెచ్చి బిగించేసి ఉన్నాడు. హెడ్‌లైటుకు పోయే పాత వైరును చాకుతో గీకి, కొత్త దీపాల వైర్లు దానికి మెలితిప్పి, పైన టేపు చుట్టాడు. దీపాలు వెలిగించి చూపించాడు. నేను వైరు పట్టుకున్నాను. వేడి చాయ్ పోసిన గాజుగ్లాసులా కాలుతోంది.

"బావా, ఇది పనికిరాదు. పాత స్విచ్చి, పాత వైరు ఇన్ని దీపాల కరెంటు మోయలేవు. వైరు వేడెక్కి పైన ప్లాస్టిక్కు కరుగుతాది. నిప్పంటుకుంటాది."

బావ నవ్వాడు. "చిరుతపులి వచ్చి ఆర్పుతాదా?"

"నిజం చెప్తాండా బావా."

"తోక కూడా నిజమే అంటివి గదప్పా."

మొదట బ్యాటరీ నెగిటివ్ వైరు ఊడదీసి పక్కన పెట్టాను. బావ చుట్టిన టేపంతా ఊడబెరికి, పాత వైరును మళ్లీ పాత వైరుగా చేశాను. బ్యాటరీ నుంచి దీపాలకు లావుపాటి కొత్త వైరు వేరేగా లాగి, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాను. మధ్యలో రిలే అనే నల్లటి చిన్న డబ్బీని, నీళ్లు నిలవకుండా కాళ్లు కిందికి ఉండేలా బిగించాను.

"ఈ డబ్బీ ఎందుకు?"

"ఫ్యాక్టరీలో బండలు నువ్వెత్తుతావా?"

"నేనెందుకెత్తుతా? ఎత్తండ్రా అంటా, హమాలీలు ఎత్తుతారు."

"స్విచ్చి అంటే నువ్వు. ఈ డబ్బీ హమాలీ."

ఆ పోలిక ఆయనకు నచ్చింది. ఎర్తు వైరు కోసం ఛాసిస్ మీద, అంటే జీపు అడుగు చట్రం మీద, రంగు గీకి ఇనుము తేల్చినప్పుడు మాత్రం తన వీపు గీకినట్టు ముఖం పెట్టాడు. రేకు కన్నంలోంచి వైరు దూరే చోట రబ్బరు వాషరు తొడిగాను. వైరంతటినీ సైలెన్సరుకు దూరంగా తీసుకుపోయి కట్టాను. చివరికి ఆయన వేలు ఫ్యూజు దగ్గర ఆగింది.

"ఈ ప్లాస్టిక్ ముక్కతో పనేముండాది?"

"యాడన్నా తప్పు జరిగితే ముందు ఇది పోతాది. జీపు మిగుల్తాది."

"ఏం తప్పు జరుగుతాది, నేనుండంగ?"

ఫ్యూజు పక్కనే ఇంకో ఫ్యూజు టేపుతో అంటించి బానెట్ మూశాను.

ఫ్యాక్టరీ షెడ్డు తలుపులు మూసి దీపాలు వెలిగించి, ఎదుటి డ్రైవరు కళ్లలో పడకుండా కిందికి వంచాను. ఆ వెలుగుకు గోడమీద బల్లి తన నీడ కనపడక వెతుక్కుందని పనివాళ్లకు చెప్పాను. వాళ్లు సగం తీసేసి విన్నారు.

మహానందిలో స్నానాలు, దర్శనం హాయిగా జరిగాయి. బయట జీపుకు పూజ చేయించారు. కొత్త దీపాల అద్దాలకు పంతులుగారు పెట్టిన గంధం, కుంకుమ బొట్లు ఆయన అటు తిరగ్గానే తుడిచి, బానెట్ మీద ఆ వంతు బొట్లు కూడా పెట్టాను. దీపాలకు జనం దిష్టి తగులుతుందని బావ దిగులు. నేను పులిహోర తింటున్న కాసేపట్లో ఆయన పెద్ద నిమ్మకాయలు, మిరపకాయలు కొని ముందు భాగాన కట్టేశాడు. తిని వచ్చి చూస్తే ఎడమ దీపం కింద అవి దర్జాగా వేలాడుతున్నాయి.

"గట్టిగా కడితివా బావా? ఈడ కోతులెక్కువ."

"ఆంజనేయులే దిగొచ్చినా ఊడదు," అన్నాడు.

నంద్యాల దాటి పాణ్యం చేరేసరికి పొద్దు గుట్టల వెనక్కు జారింది. బేతంచెర్ల దారిలోకి తిరగ్గానే బావ స్విచ్చి నొక్కాడు. దారి మొత్తం దోసెపిండి పరిచినంత తెల్లగా అయింది. కంపచెట్లకు ఒక్కొక్క ముల్లూ కనిపించింది. అక్క ముందుకు వంగి "ఆ..." అంది. వెనక సీట్లో నేను ఆ ఒక్క అక్షరాన్ని కథగా ఎలా పెంచాలా అని ఆలోచిస్తున్నాను. అంతలో జీపు ఒక గుంతలో పడి లేచింది. కొత్త దీపాలు రెండూ ఆరిపోయాయి. ముందర పాత హెడ్‌లైట్ల మసక మాత్రం మిగిలింది.

బావ జీపు పక్కకు తీసి ఆపాడు.

"అయిపాయ," అంది అక్క. "ఇంటికి పోతూనే ఆయప్పకు ఫోన్ చెయ్."

బావ దిగి, బానెట్ ఎత్తి, నేను చెప్పకముందే ఫ్యూజు పీకాడు. లోపల తీగ కాలిపోయి ఉంది.

"సూస్తివా? నీ ప్లాస్టిక్ ముక్కే కొంప ముంచింది." జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి, లోపలి వెండిరేకు చించి మడిచాడు. "దీని జాగాలో ఈ రేకు పెడితే సరిపోతాది. లారీవాళ్లంతా ఇట్లనే పెడ్తారు."

"వద్దు బావా."

"జీపు పోతాందప్పా నాది!" నాకు జాలేసింది.

అక్క కిందికి దిగి నా ముఖం మీదికి ఫోను లైటు వేసింది. "రేకు పెడితే ఏమైతాదిరా?"

నోరు తెరిచాను. నా కథలన్నీ ఎక్కడికి పోయాయో, ఒక్కటీ రాలేదు.

"కాలుతాదక్కా."

"అంతేనా?"

"అంతే."

అక్క బావ వైపు తిరిగింది. "ఆ రేకు పారెయ్. వీడు అబద్ధం చెప్పింటే ఈపాటికి పాణ్యం కూడా కాలిపోయుండేది. ఒక్క మాట చెప్పి ఊరుకున్యాడంటే నిజమే."

బావ రేకు జేబులో పెట్టుకున్నాడు. నేను ఫ్యూజు దగ్గర మొదలుపెట్టి, వైరు వెంబడే చెయ్యి జరుపుకుంటూ పోయాను. అక్క లైటు పట్టుకుని నడిచింది. ఎడమ దీపం దగ్గర చెయ్యి ఆగింది. నిమ్మకాయలు కట్టింది దారంతో కాదు, ఇనుప బైండింగ్ వైరుతో. దీపం పట్టీ, దీపానికి పోయే కరెంటు వైరు, రెండింటినీ కలిపి చుట్టి, నా కటింగ్ ప్లేరుతోనే బిగించి మెలితిప్పాడు. గుంతలో పడిన కుదుపుకు ఇనుప తీగ ప్లాస్టిక్కును కోసేసింది. లోపలి రాగి మెరుస్తూ ఇనుప పట్టీకి ఆనుకుని ఉంది; కరెంటు దీపానికి పోకుండా నేరుగా ఇనుములోకి దిగి ఫ్యూజును కాల్చింది. నిమ్మకాయలకు ఏమీ కాలేదు.

"కోతులు లాగేస్తాయని..." అన్నాడు బావ.

"కోతులే నయం," అంది అక్క.

బ్యాటరీ వైరు ఊడదీసి, ఇనుప తీగ కత్తిరించి, దెబ్బతిన్న చోట టేపు మందంగా చుట్టి, పైన రబ్బరు గొట్టం ముక్క చీల్చి తొడిగాను. పెట్టి ఉంచిన కొత్త ఫ్యూజు పెట్టాను. నిమ్మకాయలను అక్క తన పూలదండ దారంతో బంపరుకు కట్టింది. దీపాలు వెలిగాయి.

జీపు కదిలాక అక్క వెనక్కు తిరిగింది. "కొత్తవి పోయినప్పుడు పాతవి ఎట్ల వెలిగినాయిరా?"

"వాటి వైరు వేరేనక్కా."

"మీ బావ కట్టింది అట్లనే ఉండింటే?"

"అన్నీ ఒకేసారి పోయుండేవి."

బావ దారిని మరీ శ్రద్ధగా చూడసాగాడు.

ఆ శ్రద్ధలో ఎదురుగా వచ్చిన బండల లారీకి కొత్త దీపాలు ఆర్పడం మరిచిపోయాడు. లారీవాడు లైట్లు టపటపా కొట్టి, కిటికీలోంచి మా వంశం గురించి ఏదో అన్నాడు. అక్క చెయ్యి చాచి స్విచ్చి ఆర్పింది. లారీ దాటాక తనే వేసింది. తర్వాత ఇంకో లారీ. అప్పుడూ తనే. ఇల్లు చేరేవరకు స్విచ్చి మీది నుంచి ఆమె చెయ్యి తియ్యలేదు. బావ తియ్యమనలేదు.

ఇంటిముందు దిగుతూ చెప్పింది. "జీపుంటాది. గానీ ఈ స్విచ్చి నా పక్కకు మార్చాల."

"నేనొక్కడే కడపకు పోయేటప్పుడో?" అన్నాడు బావ.

"ఒక్కడే ఎందుకు పోతావు? నేనూ వస్తా. కడపలో నాకూ పనులుండాయి."

ఆయన సంతోషించాలో వద్దో తేల్చుకోలేక నా వైపు చూశాడు. నేను నిమ్మకాయల వైపు చూశాను.

పొద్దున్నే స్విచ్చి ఎడమ పక్కకు మార్చాను. అక్క సీట్లో సర్దుకుని కూర్చుని, పట్టపగలే దాన్ని వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. బావ జీపు ముందు నిలబడి, ఒక్కొక్కసారీ వీధంతా వినపడేంత గట్టిగా, "వెలిగింది... ఆరింది... వెలిగింది..." అని చెప్తూ ఉన్నాడు.