బిందె మీద రెండు పేర్లు

పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే మా చెల్లెలి కూతురు రేపల్లె నుంచి ఫోను చేసింది. పెళ్ళి ఆల్బం ఇంకా చేతికి రానేలేదు గానీ ఐర్లండులో నర్సు ఉద్యోగం మాత్రం దానికి వచ్చేసింది. వెళ్ళేలోపు పాస్‌పోర్టులో అత్తింటి పేరు వేయించుకోవాలా, పుట్టింటి పేరుతోనే ఎక్కేయాలా అన్నది దాని సందేహం. వాళ్ళత్తగారిని అడిగితే నీ ఇష్టం అన్నారట. "నీ ఇష్టం" అనే అత్తగారిని మా తరంవాళ్ళం చూసి ఎరగం కాబట్టి, ఆ మాటలో ఏముందో కాస్త ఆలోచించుకుని చెప్తానని ఫోను పెట్టేశాను.

అప్పటినుంచి నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి, వంటింట్లో ఏం పనికి వచ్చానో గుర్తు రాక మళ్ళీ హాల్లోకి. తెనాలిలో మేముంటున్న ఈ ఫ్లాటు నడవడానికి అంత అనువైనది కాదు. పేపరు వెనకనుంచి మా ఆయన, గచ్చు అరిగిపోతే మన ఖర్చే అని గుర్తుచేశారు. ఈ నడకకి అసలు కారణం తనేనని ఆయనకి తెలుసు. అందుకే పేపరు దించలేదు.

నేను పుట్టింది రేపల్లెలో. తెనాలి నుంచి వచ్చే రైలు పట్టాలు మా ఊళ్ళో అయిపోతాయి. ఆపైన బస్సు, బస్సు తర్వాత సముద్రం. మా నాన్న మిషను బడిలో టీచరు. సాయంత్రం పూట నన్ను స్టేషనుకి తీసుకెళ్ళి, పట్టాల చివర అడ్డంగా కట్టిన దిమ్మ చూపించి, చూశావా, రైలుకైనా ఇక్కడ ఆగక తప్పదు అనేవాడు. ఆయన ఏ ఉద్దేశంతో అనేవాడో గానీ, నాకు మాత్రం ఆ దిమ్మ చూసినప్పుడల్లా అరికాళ్ళు దురద పెట్టేవి. మరీ ఎక్కువేమీ కోరలేదు, ఆ దిమ్మకి అవతల ఏముందో చూడాలనుకున్నాను, అంతే. గుంటూరులో నర్సింగు డిగ్రీ చదివి, తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తూ, మస్కటులో ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇచ్చాను. ఆర్డరు, వీసా వచ్చిన నెలలోనే బాపట్ల సంబంధం కూడా వచ్చింది. నేను ముందు వెళ్ళేటట్టు, ఆయన తర్వాత వచ్చేటట్టు పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్ళి ప్రకటన చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పుకోవచ్చన్నారు. ఎవరూ చెప్పలేదు. మస్కటు సంగతి ఆ ప్రకటనలో లేదు మరి.

ఇక్కడ స్టీలు సామాన్ల గురించి కాస్త చెప్పాలి, మా తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ. అప్పట్లో ఆడపిల్లకి ఇచ్చే బిందె దగ్గర్నుంచి గరిటె దాకా ప్రతిదాని మీదా పేరు కొట్టించడం ఒక మర్యాద. కొట్టువాడు కలంలాంటి చిన్న మిషను పట్టుకుని, జుయ్యిమని చప్పుడు చేస్తూ, ముత్యాల్లాంటి చుక్కలతో పేరు చెక్కేవాడు. మా అమ్మ నా సామానంతటి మీదా పుట్టింటి పేరుతో సహా నా పేరు కొట్టించింది. అవి బాపట్ల చేరిన వారంలోనే మా అత్తగారు ప్రతిదాని మీదా ఆ పేరు కిందనే తమ ఇంటిపేరుతో నా పేరు మళ్ళీ కొట్టించారు. ఆవిడ కూడా టీచరే. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేరు. పాత పేరు గీకించేద్దామని కూడా అనుకున్నారు గానీ, స్టీలు మీద గీకితే మచ్చ పడుతుందన్నాడట కొట్టువాడు. ఆ సామానుకి అలా రెండు పేర్లు మిగిలాయి. అంతలో చర్చిలో కోతపండగ వచ్చింది. పండగ విందుకి ఇంటింటి నుంచీ గిన్నెలు వెళ్తాయి, వెళ్ళినవన్నీ ఏదో ఒక ఇంటికి తిరిగి వస్తాయి, మన ఇంటికే రావాలని నియమం లేదు. కొత్తకోడలి కొత్త సామాను ముందుగా వెళ్ళింది. సగమే తిరిగొచ్చింది.

ఆ తర్వాత ఒకరోజు మా ఆయన నా చేతిలో చీర పెట్టె పెట్టారు. తెరిస్తే చీర లేదు, పాస్‌పోర్టు ఉంది. నేను తెనాలిలో చివరి డ్యూటీలు చేసుకుంటున్న రోజుల్లో, అటు అమ్మనీ ఇటు భార్యనీ ఒకేసారి సంతోషపెట్టాలన్న సదుద్దేశంతో, నేను చదవకుండానే పెట్టిచ్చిన సంతకాలతో, నా పాస్‌పోర్టు తెలిసినాయన ద్వారా హైదరాబాదు పంపి, అత్తింటి పేరుతో కొత్తది తెప్పించారు. పాతది మూల కత్తిరించి పక్కనే పెట్టారు. మా కోడలు మా ఇంటిపేరుతోనే విమానం ఎక్కుతుందని మా అత్తగారు వీధంతా మిఠాయి పంచారు. నేనూ ఒకటి తిన్నాను. చీర రానందుకు కాస్త నొచ్చుకున్నాను తప్ప, జరిగిందేమిటో నాకూ అప్పుడు తట్టలేదు.

తట్టించినవాడు తెనాలి ఏజెంటు. మర్నాడు వెళ్ళి చూపిస్తే, పాస్‌పోర్టు ఒక చేత్తో, వీసా కాగితం ఒక చేత్తో పట్టుకుని తక్కెడలా పైకీ కిందకీ ఆడించాడు.

"ఏంటి మేడం ఇది? వీసా ఒకావిడకొచ్చింది, పాస్‌పోర్టు ఇంకో ఆవిడది. ఏ ఆవిడ వెళ్తుందండి?"

"ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళండి," అన్నాను.

అతను నవ్వలేదు. డిగ్రీ, నర్సుగా రిజిస్ట్రేషను, ఉద్యోగం ఆర్డరు, వీసా అన్నీ పాత పేరు మీదే ఉన్నాయి, ఈ పాస్‌పోర్టుతో విమానాశ్రయం గుమ్మం కూడా దాటలేనన్నాడు. వీసా కొత్త పేరుకి మార్పించాలంటే ఆ మనిషీ ఈ మనిషీ ఒక్కరేనని ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉండాలి, అదీ ఈ నెలాఖరులోపు. దాటితే నా ఉద్యోగం నా తర్వాత పేరున్న అమ్మాయికి పోతుంది. ఆ అమ్మాయికి ఇంకా పెళ్ళి కాలేదని కూడా చెప్పాడు, అక్కర్లేకపోయినా.

సంగతి చెప్పగానే మా ఆయన సైకిలు తుడవడానికి వెళ్ళిపోయారు. మా అత్తగారు పెరట్లోకి వెళ్ళి, అప్పటికే ఆరిపోయిన బట్టల్ని దులిపి మళ్ళీ ఆరేశారు.

ఇక తిరుగుడు మొదలైంది. పెళ్ళి సర్టిఫికెట్టు ఇంకో ప్రతి కోసం రేపల్లె వెళ్తే పాస్టరుగారు నిజాంపట్నం వైపు ప్రార్థన కూటాలకి వెళ్ళారు. ఆయన కోసం మా నాన్నా నేనూ బస్టాండులో కూర్చుని, వచ్చిన ప్రతి బస్సుకీ లేచి నిలబడ్డాం. అక్కడినుంచి పాసింజరులో తెనాలి, నోటరీ దగ్గర నేనే నేనని ప్రమాణం చేయడానికి. జీవితంలో అంత తేలిగ్గా నిజం చెప్పిన సందర్భం ఇంకోటి లేదు, అంత అనుమానంగా నన్ను చూసినవాళ్ళూ లేరు. మళ్ళీ రైల్లో బాపట్ల, ఎమ్మార్వో ఆఫీసుకి. పాసింజరు ఆగిన ప్రతి స్టేషన్లోనూ దిగి తోస్తే త్వరగా వెళ్తుందేమో అనిపించేది. ఆఫీసులో కాగితాలన్నీ చూసి, వీధిలో విచారణ జరగాలన్నారు. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చి, ఇరుగుపొరుగుని అడిగి, ఈ రెండు పేర్ల మనిషి ఒక్కరేనని రాసుకుంటే కాగితం వస్తుంది.

ఆయన వచ్చిన రోజు నన్ను మా అరుగు మీద నిలబెట్టి, ఎదురింటి పెద్దాయనతో మొదలుపెట్టారు.

"ఈ అమ్మాయి ఎవరండి?"

"టీచరమ్మగారి కోడలండి."

"పేరండి?"

"కోడలమ్మాయండి."

"అది వరస కదండీ. పేరు చెప్పండి."

పెద్దాయన నన్ను పైనుంచి కిందిదాకా చూశారు, ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని. పక్కింటి పిన్నిగారు సాయానికి వచ్చారు. "మంచి పిల్లండి బాబూ, నర్సు. మొన్న మా ఆయనకి ఇంజెక్షన్ చేస్తే నొప్పే తెలియలేదంట."

"సరేనమ్మా, పేరేంటి?"

"పేరెందుకండి? అమ్మాయ్ అంటే వచ్చేస్తది."

ఆయన ఫైలు మూసేశారు. రేపల్లెలో పాత పేరే తెలుసు, ఇక్కడ ఏదీ తెలియదు, నేనేమని రాయనమ్మా అని నాతో మర్యాదగానే అని, స్కూటరు వైపు నడిచారు. పట్టాల చివర దిమ్మ కళ్ళముందుకొచ్చి నిలబడింది. మా ఆయన ఆ పూటకి రెండోసారి సైకిలు తుడుస్తున్నారు.

"బాబూ, ఒక్క నిమిషం ఆగండి."

మా అత్తగారు లోపల్నుంచి నీళ్ళ బిందె తెచ్చి, అందులో నీళ్ళన్నీ వాకిట్లో గుమ్మరించి, దాన్ని అరుగు మీద పెట్టి, పేర్లున్న వైపు ఆయనకి తిప్పారు.

"చదవండి. పైది వాళ్ళమ్మ కొట్టించింది. కిందది నేను కొట్టించాను. బిందె ఒకటే, పిల్లా ఒకటే."

"బిందెని సాక్షిగా రాసుకోడానికి రూలు లేదమ్మా."

"బిందెని ఎవరు రాయమన్నారు? సాక్షిని నేను. పై పేరు చదివి, చూస్తూ చూస్తూ కింద మా ఇంటిపేరు కొట్టించినదాన్ని."

"అత్తగారి సాక్ష్యం చెల్లదండి. బయటివాళ్ళు కావాలి."

పిన్నిగారు బిందె మీదికి వంగి చూశారు. "అయ్యో, ఈ పేరా! మా ఇంట్లో కూరగిన్నె మీద ఉన్నది ఇదే కదా! ఎవరిదో అని రోజూ తోముతున్నా," అంటూ లోపలికి పరుగెత్తారు. గిన్నె వచ్చింది, దాని మీద రెండు పేర్లూ ఉన్నాయి. ఆ వెనక మూలింటి నుంచి పళ్ళెం వచ్చింది. వెనక వీధి నుంచి మూత వచ్చింది. కోతపండగకి వెళ్ళి తిరిగిరాని నా సామానంతా ఒక్కొక్కటిగా అరుగెక్కింది. చివరికి ఎదురింటి పెద్దాయన కూడా లోపలికి వెళ్ళి, పప్పు అంటిన గరిటె పట్టుకొచ్చి, కళ్ళజోడు సర్దుకుని, రెండు పేర్లూ బడిపిల్లాడిలా గట్టిగా చదివి, "నాకు తెలుసండి, రెండు నెలల్నుంచీ ఈవిడ గరిటెతోనే తింటన్నాం," అన్నారు.

ఇన్‌స్పెక్టరు చాలాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుని, రెండు పేర్లూ ఇరుగుపొరుగు ఎరిగినవేనని రాసుకున్నారు. పెద్దాయన, పిన్నిగారు సంతకాలు చేశారు. నాకు కాగితం దక్కింది, సామానూ దక్కింది. గరిటె మాత్రం పప్పు దింపాక ఇస్తామన్నారు.

అందరూ వెళ్ళాక చూస్తే మా అత్తగారు వంటింట్లో అటక కిందకి ముక్కాలిపీట లాక్కుని, తన పుట్టింటి ఇత్తడి చెంబు దింపి, కొంగుతో తుడుస్తున్నారు. వెలుతురుకి అటు తిప్పారు, ఇటు తిప్పారు. ఉలితో చెక్కిన అక్షరాలట, ఏళ్ళ తరబడి చింతపండుతో తోమి తోమి నున్నగా అయిపోయాయి. "నాదీ ఉండాలమ్మాయ్ ఇక్కడే," అని బొటనవేలితో చాలాసేపు తడిమారు. ఏ పేరని అడగబోయి ఆగిపోయాను. ఆవిడే చెప్పారు, ఇంటిపేరుతో సహా. చెప్పాక, తను చెప్పింది తనకే కొత్తగా వినబడినట్టు కాస్త నవ్వారు.

నెలాఖరులోపే వీసా మారింది, నేను ఆ దిమ్మ దాటాను. మస్కటులో కాగితాల మీద ఏది ముందుంటే దాన్నే పేరనుకుంటారు కాబట్టి, ఉన్నన్నాళ్ళూ నన్నందరూ అత్తింటి పేరు పెట్టి సిస్టర్ అని పిలిచారు. ఉత్తరంలో ఆ సంగతి రాస్తే మా అత్తగారు వీధికి మళ్ళీ మిఠాయి పంచారట. ఆ పేరు మార్పు వల్లే మా ఆయన వీసా సులువుగా వచ్చింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వరు.

ఇదంతా ఫోనులో చెప్తే మా చెల్లెలి కూతురు పడీపడీ నవ్వి, "బాబోయ్, ఆ తిరుగుడు నావల్ల కాదు పెద్దమ్మా, ఉన్న పేరుతోనే పోతా," అంది. మార్చుకోవాలన్నా దానికిప్పుడు తిరుగుడేమీ లేదు, ఉన్నచోటు నుంచే చాలావరకు కానిచ్చేయొచ్చు. ఏ ఇన్‌స్పెక్టరూ వీధిలో నిలబడి అడిగే పని లేదు. మంచిదే. నెలాఖరు భయం ఏ పిల్లకీ రాకూడదు. కానీ ఫోను పెట్టేశాక మళ్ళీ నడక మొదలైంది. ఈ అపార్ట్‌మెంటులో గేటు దగ్గర కుర్రాడికి నేను మూడు వందల నాలుగు మేడాన్ని. నా పేరు లిఫ్టు పక్కన బోర్డు మీద తప్పుల్లేకుండా ఉంది. ఇక్కడెవరైనా వచ్చి ఈవిడ ఎవరని అడిగితే, గరిటె పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు ఎవరా అని తలుపులన్నీ లెక్కేసుకుంటున్నాను. ఆ బాపట్ల వీధిలో నా పేరు ఎవరికీ తెలియదు. నేను మాత్రం అందరికీ తెలుసు.

నిన్న ఉండబట్టలేక బజారుకెళ్ళి ఒక చిన్న స్టీలు గిన్నె కొన్నాను, పిల్ల పెట్టెలో పట్టేంత. పేరు కొట్టాలంటే కొట్టువాడు నన్ను వింతగా చూసి, ఎవరూ అడగడం లేదమ్మా అంటూ వెనకెక్కడో ఉన్న మిషను వెతికి, బూజు దులిపి, తీగ తగిలించాడు. చప్పుడు మాత్రం అదే చప్పుడు. ఇంటిపేరేం వేయమంటారమ్మా అని అడిగి, మిషను గాల్లో పట్టుకుని ఆగాడు. అంత సేపు నడిచినా ఈ ప్రశ్నకి జవాబు ఆలోచించుకోలేదని అప్పుడు తెలిసింది. పిల్ల పేరొక్కటే వేయమన్నాను. అలాగే అని మధ్యలో మొదలుపెట్టబోతుంటే ఆపి, కాస్త పైకి జరిపించి, కింద కొంచెం చోటు వదలమన్నాను.