ఎవరూ చూడని పండు వాసన

పోయిన నెల ఒక బుధవారం పొద్దున్న, ఊళ్లోనే ఉన్న ఖరిదా పేట నుంచి కబురొచ్చింది. పిన్ని పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు ఊపిరందలేదట, అంతే. కబురు తెచ్చినతను ఇంకా ఏదో చెబుతున్నాడు. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరిపోయాక గాని నేను లోపలికి వెళ్లలేదు.

పిన్ని నాకు రక్తబంధువు కాదు. నేను పెళ్లయి ఖరగ్‌పూర్ వచ్చిన కొత్తలో, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో వాళ్ల క్వార్టరుకీ మా క్వార్టరుకీ మధ్య ఒకటే గోడ. ఆవిడ కంటే ముందు ఆవిడ కాచే నూనె వాసన నాకు పరిచయమైంది. మరువం, వట్టివేరు, కచ్చూరాలు వేసి ఆదివారం ఆదివారం కొబ్బరినూనె కాచేది. మా వరసలో ఆడవాళ్లందరి జడలూ ఆ నూనెతో మెరిసేవి.

ఏ వస్తువు చేతికిచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆవిడ అలవాటు. కొత్త చీర, రేషను బియ్యం, పసిపిల్ల నెత్తి, అన్నీ అంతే. టెక్కలి నుంచి వాళ్ల అన్నగారి ఉత్తరం వస్తే, చదవమని నాకిచ్చే ముందు ఒకసారి వాసన చూసేది. “ఎండుసేపల బుట్ట పక్కనెట్టి తెచ్చినాడు పోస్టోడు” అనేది. నేను నవ్వి, కాగితం అందుకుని చూస్తే, నిజంగానే ఎండుచేపల కంపు.

ఇంత ముక్కున్న మనిషికి దేవుడు ఇచ్చిన మొగుడు ఎలాంటివాడంటే, బాబాయి ముక్కు ముఖానికి అందం కోసం పెట్టినది మాత్రమే. వర్క్‌షాపులో రైలు డబ్బాలకి రంగులు వేసే పని ఆయనది. ఏళ్ల తరబడి ఆ రంగులూ థిన్నరూ పీల్చి పీల్చి వాసన పూర్తిగా పోయింది. పప్పు మాడి ఇల్లంతా పొగ కమ్ముకున్నా, పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవారు. నేను గోడ మీంచి కేకేస్తే తలెత్తి “ఏటమ్మా?” అనేవారు. పిన్ని కూడా ఈ సంగతులు చెప్పుకుని నవ్వేది. ఒకసారి మాత్రం, నా జడ అల్లుతూ, “తల్లో జాజిపూలెట్టుకున్నా గడ్డెట్టుకున్నా ఆయనకొకటే పిల్లా” అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ నవ్వలేదు.

మా కాలనీకి అవతల బంగళాలో ఆంగ్లో ఇండియన్ రైలు గార్డు ఒకాయన ఉండేవాడు. ఆయన భార్యని అందరం మేమ్‌సాబ్ అనేవాళ్లం. జుట్టు రాలిపోతోందని ఆవిడ పిన్ని దగ్గర నూనె తీసుకునేది. ఒక రోజు, నూనె ఇవ్వడానికి వెళ్లిన పిన్ని మణికట్టు మీద, ముచ్చటకి తన సెంటు ఒక చుక్క అద్దింది. ఆ సాయంత్రం బాబాయి డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. పిన్ని చెంబుతో నీళ్లు పోస్తోంది. ఆయన ఉన్నట్టుండి తలెత్తారట.

“ఏటే ఈ వాసన?”

పిన్ని చెంబు అక్కడే పడేసి మా పెరటి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. “వాసనన్నారే పిల్లా! మీ బాబాయే అన్నారు! నా సెయ్యట్టుకుని ముక్కుకాడెట్టుకున్నారు!” నలభై దాటిన మనిషి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడిపోతోంది.

అప్పటి నుంచి మొదలైంది, మా బజారులో ఎక్కడా దొరకని ఆ వాసన కోసం ఆవిడ వెతుకులాట. గార్డుగారు రిటైరయి మేమ్‌సాబ్ ఊరు విడిచి వెళ్తూ, అడుగున వేలెడు సెంటు మిగిలిన సీసా పిన్నికి ఇచ్చేసింది. దాని మీద ఒకే తొడిమకి వేలాడుతున్న రెండు ఎర్రటి పళ్ల బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాలు. చెర్రీ అని నేను చదివి చెప్పాను.

“సెర్రీ అంటే ఏటి?”

“పండు.”

“ఎలాగుంటాది?”

నాకేం తెలుసు? మా వరసలో ఎవరికీ తెలియదు. గోల్‌బజార్లో పళ్లమ్మే ముసలాయనకి సీసా మీద బొమ్మ చూపించాం. అది కొండల మీది పండు, ఇక్కడికి రాదు దీదీ అన్నాడు. తనూ తినలేదట. ఎవరూ చూడని పండు పేరు మీద అంత పెద్ద సెంటు సీసా ఎలా అమ్ముడవుతోందో నాకు అర్థం కాలేదు. పిన్నికి మాత్రం అందులో వింతేమీ కనబడలేదు. “సూడనేదు గనకే గదా కొంటారు” అంది.

క్రిస్మస్ రోజుల్లో ఒక బేకరీ అద్దాల వెనక కేకుల మీద ఎర్రగా మెరిసే పళ్లు కనబడ్డాయి. చెర్రీయేనని దుకాణంవాడు ఒట్టేసినంత పని చేశాడు. పిన్ని ఒక పొట్లం కొని, దారి పొడుగునా గుండెకి హత్తుకుని తెచ్చింది. ఇంటికొచ్చి వాసన చూసింది. పంచదార వాసన తప్ప ఏమీ లేదు. పాకం అడ్డం వస్తోందేమోనని వేడినీళ్లలో మూడుసార్లు కడిగింది. నీళ్లలో ఎరుపంతా దిగిపోయి, పళ్లు వెలవెలబోయాయి. ఒకదాన్ని కత్తిపీట మీద రెండుగా కోసి, లోపల మిగిలిన పల్చటి గింజని గోటితో తీసి, ముక్క నాలుక మీద పెట్టుకుంది. కాసేపు కళ్లు మూసుకుంది.

“ఓలమ్మా! ఇది వాక్కాయే పిల్లా!”

మా శ్రీకాకుళం ఆడవాళ్లని వాక్కాయ విషయంలో మోసం చెయ్యడం ఎవరి తరం? పప్పులో వేసి, పచ్చడి నూరి, ఎన్ని వేసవులు దానితో వేగామని! మర్నాడు ఇద్దరం వెళ్లి అడిగితే దుకాణంవాడు ఏమాత్రం తడుముకోలేదు. బెంగాలీలో దాన్ని కరమ్‌చా అంటారు, ఆ పేరు చెబితే కేకు మీద పెట్టుకుని ఎవరు తింటారు దీదీ అని ఎదురు మమ్మల్నే అడిగాడు. మిగిలిన వాటిని పిన్ని పప్పులో వేసేసింది. పప్పు ఎర్రగా, తియ్యగా వచ్చింది. బాబాయి మారు వడ్డించుకున్నారు.

చివరికి దారి చూపినవాడు రైల్వే ఆసుపత్రిలో కాంపౌండరు. బెంగాలీ ఆయన, సీసాలంటే చెప్పలేని ఇష్టం. మూత తీసి వాసన చూసి, ఇది పండు వాసన కాదు, గింజ వాసన అన్నాడు. చెర్రీ పండుని పిండితే సెంటు రాదట. అత్తరు పనివాళ్లు చేదు బాదం వాసన తీసుకుని, దానికి ఏదో తీపి వాసన జోడించి, ఇదే చెర్రీ అని మనల్ని నమ్మిస్తారట. ఎండు ఖుబానీ పళ్ల టెంకల్లోనూ ఆ వాసనే ఉంటుందని, కానీ టెంక లోపలి ఆ చేదు పప్పు విషమని, పొరపాటున కూడా నోట్లో పెట్టొద్దని మరీ మరీ చెప్పాడు.

అంటే దుకాణంవాడి చెర్రీ అబద్ధమే, సీసాలో చెర్రీ కూడా ఒక రకంగా అబద్ధమే. నాకు ఒళ్లు మండింది. పిన్ని మాత్రం సీసా మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని ఆలోచనలో పడింది. “ముందర తీపొస్తాది. ఆ యెనకాల సేదు నక్కి కూసుంటాది. ఆ సేదే మళ్లీ సూడమంటాది” అంది. ఇన్నేళ్లలో సెంట్ల గురించి నేను విన్న మాటల్లో అంతకంటే సరైనది లేదు. వట్టి తీపి వాసన అయితే రెండోసారికే మొహం మొత్తేది.

ఖుబానీలు కొన్నాం. పళ్లు మా పిల్లలు తినేశారు. టెంకలు పగలగొట్టి పప్పు తీస్తే ఏ వాసనా లేదు. పిన్ని మొహం వాడిపోయింది. ఊరికే ఉండలేక, గంధం తీసినట్టు సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి అరగదీసింది. ఒక నిమిషం గడిచింది. ఆ తర్వాత, గది నాలుగు మూలల నుంచీ వచ్చినట్టు, మేమ్‌సాబ్ సీసా వాసన లేచింది! మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని వెర్రిగా నవ్వాం. తడి తగిలితే గాని బయటికి రాదు ఆ వాసన. దాన్ని నూనెలోకి పట్టడానికి నెలరోజులు పట్టింది. మాడ్చింది, పారబోసింది, మళ్లీ చేసింది. చివరికి కుదిరాక రెండు చుక్కలు మెడ కింద రాసుకుని బాబాయి కుర్చీ పక్కన నిలబడింది. నేను గోడ ఇవతల ఊపిరి బిగబట్టాను.

“ఆ... అదే!” అన్నారు బాబాయి.

ఆ రోజు నుంచి అదొక ఆనవాయితీ అయిపోయింది. సాయంత్రం వర్క్‌షాపు సైరన్ కూశాక, ఆయన కాళ్లు కడుక్కుని గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, “ఏదీ, ఇలారా, సూద్దాం” అని పిలిచేవారు. ఆవిడ వెళ్లి నిలబడేది. “బాగుంది” అనేవారు. అంతే. అంతకు ముందు పాతికేళ్ల కాపురంలో ఆయన ఆవిడని పేరు పెట్టి గాని, పేరు లేకుండా గాని దగ్గరికి పిలవగా విన్నవాళ్లని నేను చూడలేదు.

కొన్నేళ్లకి ఒకసారి బజారులో ఖుబానీలు దొరకలేదు. నూనె అయిపోయింది. పిన్ని మా పెరట్లోకి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇయ్యాల వట్టి కొబ్బరినూనె పిల్లా. అయినా బాగుందన్నారు.”

“మరి అడగలేదా?”

“నిన్నా వట్టిదే. మొన్నా వట్టిదే.” నవ్వు ఆగింది. “అడిగితే రేపు మరేటని నన్ను పిలుస్తారు?”

ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. బాబాయి రిటైరయి, వాళ్లు ఖరిదాలో ఇల్లు తీసుకున్నాక కూడా, ఎప్పుడు వెళ్లినా పిన్ని మెడ దగ్గర ఆ వాసన ఉండేది. ఖుబానీలు దొరికినన్నాళ్లూ ఆవిడ ఒక్క రోజు మానలేదు, సైరన్ కూశాక ఆయన పిలవడమూ మానలేదు.

కర్మ అయిన మర్నాడు వెళ్లాను. బాబాయి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు.

“ఒక తప్పు సేసినానమ్మా. మొదట్లో ఆ వాసన నిజంగానే తెలిసినాది. తరవాత తరవాత అదీ పోయినాది. మీ పిన్నికి సెప్పనేదు. మనసు కష్టపెట్టుకుంటాదని బాగుంది, బాగుంది అంటూ వచ్చినాను. పాపం, నమ్మీసి ఎల్లిపోయినాది.”

చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుమిట్టాడాను. ఆయన కళ్లలో ఆ దిగులు చూసి ఉండబట్టలేకపోయాను. “పిన్నికి తెలుసు బాబాయి” అన్నాను.

“ఎప్పట్నుంచి?”

“ట్రాఫిక్ కాలనీలో ఉన్నప్పటి నుంచే.”

ఆయన తలవంచి, తనలో తను లెక్కగట్టుకుంటున్నట్టు, మెల్లగా అన్నారు. “అయితే ఇన్నేళ్లూ... వాసన కోసం కాదన్నమాట, వచ్చి నిలబడినాది.”

అంతలో సాయంత్రం వర్క్‌షాపు సైరన్ కూసింది. బాబాయి లేచి, కుర్చీని గుమ్మానికి కొంచెం ఎడంగా జరిపి, పక్కన ఒక మనిషి నిలబడేంత చోటు వదిలి కూర్చున్నారు.